చెంబెడు మంచినీళ్ళు

బెజవాడలో సైకిలు ఉన్నవాళ్ళు చాలామందే గానీ, సైకిలుకి తలంటు పోసేవాడు నా కొడుకొక్కడే అని మా అమ్మ రాఘవమ్మ వీధిలో అందరికీ చెప్పేది. అందులో కొంత నిజం లేకపోలేదు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక రైల్వే గార్డు దగ్గర కొన్న పాత సైకిలది. ఆదివారం వస్తే దాన్ని వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి, కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క చువ్వా తుడిచేవాణ్ణి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. వన్ టౌన్లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తాని. బట్టల మూట వెనక కట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు కొట్లకి చేరవెయ్యడం నా పని. కాలవ గట్టు పక్కన రోడ్డు బల్లపరుపుగా పోతుంది. ఆ రోడ్డు మీద ఎక్కుడంటే మాకు కాలవ వంతెనే.

నేను చెప్పేది నలభై నాలుగో సంవత్సరం ఎండాకాలం సంగతి. యుద్ధం ఎక్కడో జరుగుతోంది గానీ నూలు మా ఊళ్ళో కరువైంది. కంట్రోలు వచ్చాక సాలెవాళ్ళ ఇళ్ళల్లో మగ్గాలు నిలబడిపోయాయి. మా నాన్న పాండురంగయ్య అరవై ఏళ్ళ వయసులో మొదటిసారి పగటిపూట అరుగు మీద కూచుని వీధి చూడటం మొదలుపెట్టాడు. ఆ చూపు చూడలేక నేను పెందలాడే కొట్టుకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఉగాది వెళ్ళాక మా బావ కోటిలింగం మా ఇంటికి వచ్చాడు. మా అక్క రామతులసి మొగుడు. వాళ్ళది మైలవరం దాటి ఆరు మైళ్ళు, కొండల వెనక చిన్న పల్లె. అక్కడా అదే కరువు. సగం నేసిన పడుగుని మగ్గం మీద అలాగే వదిలేసి, తల్లినీ మా అక్కనీ ఊళ్ళో ఉంచి, రైల్వే గూడ్సు షెడ్డులో మూటలు మోసే పనికి వచ్చాడు. మగ్గం గుంటలో కూచునే మనిషికి మూటల పని ఏం తెలుస్తుంది! రాత్రి అన్నాల దగ్గర ఎడం చేత్తో కుడి భుజం నొక్కుకుంటూ తినేవాడు. అయినా నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఏమోయ్ కిష్టప్పా," అనేవాడు. నా పూర్తి పేరు వెంకటకృష్ణారావు, అంత పేరు పిలిచే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. "కంకిపాడు రోడ్డు మీద సైకిలు ముసలమ్మ కూడా తొక్కుద్ది. మొగాడివైతే మా ఊరు రా. మైలవరం దాటాక కనుమ ఉంది. రెండు కొండల మధ్య మైలు పొడుగున ఎక్కుడు. అక్కడ దిగకుండా తొక్కావంటే నా మీసం తీసేస్తా."

"మీసం మీద ఆశ వదులుకో బావా."

"చూద్దాంలే. వైశాఖం వెళ్ళంగానే నన్ను వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళు. నాలుగు చిలపల నూలు ఎలాగైనా సంపాయించి, ఆ పడుగు పూర్తి చెయ్యాలి. మీ అక్కకేనోయ్ ఆ చీర."

ఆ మీసం మీద మా ఇంట్లో రోజూ పందేలే. నవ్వడం మర్చిపోయిన మా నాన్న కూడా ఆ మీసం మాట వస్తే మూతి బిగించుకుని నవ్వేవాడు. వారానికొక కార్డు తల్లికి రాసేవాడు బావ. ఆవిడ పేరు భద్రమ్మ. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. అక్క చదివి వినిపించాల్సిందే. భర్త చిన్నతనంలోనే పోతే, ఇంటింటికీ నూలు కండెలు చుట్టి ఈ ఒక్క కొడుకునీ పెంచింది.

వైశాఖంలో కలరా వచ్చింది. మా వీధిలో మొదట ఎదురింట్లో, తర్వాత చివరింట్లో. తర్వాత మా ఇంట్లో. సోమవారం సాయంత్రం షెడ్డు నుంచి వస్తూనే బావ కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. బుధవారం తెల్లవారేసరికి పోయాడు. ఆ మధ్యలో ఏం జరిగిందో రాయడం నాకిష్టం లేదు. ఆ వారం కార్డు రాయలేదని మాత్రం రెండుసార్లు గుర్తు చేసుకున్నాడు.

తెల్లారగానే మా వీధి శానిటరీ మేస్త్రీ పుల్లయ్య వచ్చాడు. మంచివాడు. వాకిట్లో నిలబడి తలపాగా తీసేసి మా నాన్నతో అన్నాడు.

"కలరా చావండీ అయ్యగారూ. అసలైతే ఈపాటికే తీసెయ్యాలి. పొద్దు గుంకే దాకా నేను చూసీచూడనట్టు ఉంటాను. ఆపైన నా వల్ల కాదు."

పొద్దు గుంకేలోపు అక్క రావాలి. బొగ్గుతో నడిచే బస్సు రోజు విడిచి రోజు వెళుతుంది, ఆ రోజు లేదు. తంతి ఇస్తే మైలవరం దాకా వెళుతుంది, అక్కణ్ణుంచి మనిషి పట్టుకుపోయేసరికి మర్నాడవుతుంది. మా నాన్న నా వంక చూడలేదు, సైకిలు వంక చూశాడు. నేను లేచి చక్రాల్లో గాలి కొట్టాను.

గుమ్మం దిగుతుంటే అమ్మ వెనకాలే వచ్చి సైకిలు పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆవిడకి.

"ఒరే, చెప్పేది విను. వాకిట్లోనే నిలబడు. గడప దాటమాక. ఆ ఇంటి నీళ్ళు ముట్టుకోమాక. చావు కబురు మోసేవాడు వాళ్ళ నీళ్ళు తాగి కబురు చెప్తే, ఆ ఇంటికి ఇంకో చావుని పిలిచినట్టే. తాగకుండా నిలబడితే చాలు, వాళ్ళకే తెలుస్తుంది. నువ్వు నోటితో చెప్పే పని కూడా ఉండదు."

మాలో అది అందరికీ తెలిసిన శాస్త్రమే. దూరం నుంచి వచ్చినవాడికి ముందు చెంబెడు మంచినీళ్ళు ఇస్తారు. తాగితే బంధువు. తాగకపోతే చావు కబురు. చిన్నప్పుడు మేము ఈ ఆట కూడా ఆడుకునేవాళ్ళం.

గొల్లపూడి దాటేసరికి ఎండ మొదలైంది. ఇబ్రహీంపట్నం దాకా ఎడం పక్కన కృష్ణ కనిపిస్తూ, మాయమవుతూ వచ్చింది. అక్కడ రోడ్డు ఏటిని వదిలేసి కొండపల్లి వైపు తిరుగుతుంది. కోట కొండ పక్కగా పోతుంటే, ఒకింటి ముందు రంగులేసిన కొయ్యబొమ్మలు ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. దారి నా కాళ్ళ కింద మెల్లమెల్లగా లేవడం నాకు తెలుస్తూనే ఉంది. డెల్టా కాళ్ళకి అది కొత్త. చదును రోడ్డు మీద కాలు తనంతట తానే తిరుగుతుంది, మనసు ఎక్కడో ఉండవచ్చు. ఎక్కుడులో అలా కుదరదు. ప్రతి తొక్కుడుకీ మనిషి మొత్తం పనిచెయ్యాలి. ఆ ఉదయం అదొక రకంగా మేలే అయింది.

కొండలు రెండు వైపులా దగ్గరకొచ్చాయి. ఎర్రమట్టి, తుమ్మలు, ఆకు రాలిన మోదుగులు. ఎక్కడా పచ్చటి మడి లేదు, కాలవ లేదు. ఇలాంటి దేశంలోనా మా అక్క కాపరం చేస్తోంది అనుకున్నాను. పెళ్ళయి మూడేళ్ళయినా నేను ఆ ఊరికి బస్సులో ఒక్కసారే వెళ్ళాను. బస్సు కిటికీలోంచి చూస్తే కొండలు అందంగా ఉంటాయి. సైకిలు మీద కొండ అంటే బరువు, అంతే. మైలవరంలో ఒక బావి దగ్గర ఆగి, కడుపు పట్టినంత నీళ్ళు తాగాను. ఇక ఆ ఇంటి నీళ్ళతో పని లేదని ధైర్యం తెచ్చుకున్నాను.

తర్వాత కనుమ వచ్చింది.

బావ అబద్ధం చెప్పలేదు. మైలు పొడుగున ఒకటే ఎక్కుడు. కింద నిలబడి చూస్తే రోడ్డు చివర ఆకాశమే ఉంది. వెనక నుంచి ఎండ, ఎదురుగా వేడి గాలి. దిగి నడిస్తే నాకు పోయేదేమీ లేదు. ఎవరూ చూడటం లేదు. కానీ దిగలేదు. ఎందుకు దిగలేదంటే, 'దిగావా కిష్టప్పా!' అని బావ వెనకాల కూచుని నవ్వుతున్నట్టు అనిపించింది. నిలబడి తొక్కాను. హేండిలు మీద ఒరిగి తొక్కాను. గొలుసు కిర్రుమంటుంటే, మోకాళ్ళు విరుగుతాయేమో అనుకుంటూ తొక్కాను. చెమట కూడా ఆగిపోయింది. నోట్లో తడి లేదు. పైకి చేరి ఒక కాలు కింద పెట్టాక, కొండల అవతల పల్లె, తాటిచెట్లు కనిపించాయి. గుండె నిండా సంతోషం పొంగింది.

"బావా, మీసం తీసెయ్!" అని పైకే అరిచాను.

ఆ మాట నా చెవిన పడ్డాక గానీ నేను ఎందుకొచ్చానో గుర్తు రాలేదు. ఆ ఒక్క క్షణం సంతోషానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. అక్కడే రోడ్డు పక్కన కూచుని, ఆ రోజు మొదటిసారి ఏడ్చాను. ఏడుపుతో గొంతులో ఉన్న ఆ కాస్త తడీ పోయింది.

భద్రమ్మగారి ఇంటికి చేరేసరికి పదిన్నర అయి ఉంటుంది. తాటాకు ఇల్లు, ముందు చిన్న వాకిలి. లోపల తలుపు సందులోంచి మగ్గం కనిపిస్తోంది. సగం నేసిన బట్ట మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆవిడ అరుగు మీద, నూలు లేని రాట్నం ముందు కూచుని ఉంది. సైకిలు చప్పుడుకి తల తిప్పింది.

"ఎవరది?"

నేను వాకిట్లోనే నిలబడ్డాను. "నేనండీ అత్తయ్యగారూ, కిష్టాణ్ణి," అన్నాను. అన్నాననే అనుకున్నాను. నాలిక అంగిట్లో అతుక్కుపోయి, గాలి తప్ప మాట రాలేదు.

"కిష్టుడు కదూ? ఆ సైకిలు నీదే. బెజవాడ నుంచేనా? ఇంత ఎండలోనా?"

ఆవిడ ఇంకేమీ అడగలేదు. కొడుకు పేరు ఎత్తలేదు. గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి, కుండలో ముంచుకుని ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ పొరలు కమ్మిన కళ్ళతో గడప దిగి, మెట్టు దిగి, వాకిట్లో నా దాకా వచ్చింది. ఆ చెంబులో నీళ్ళు తొణుకుతున్నాయి. ఆవిడ చెయ్యి వణుకుతోందని నేను చూశాను. చూసి కూడా అందుకున్నాను.

దాహం వేసి తాగానా, చెప్పలేక తాగానా? ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. రెండూ నిజమే కావచ్చు. తాగాను. కళ్ళు కనిపించని ఆ మనిషి అరచెయ్యి తీసి నా గొంతు మీద పెట్టింది. గుటక పడుతోందా లేదా అని చేత్తో చూసుకుంది. ఒక గుటక, రెండో గుటక, మూడోది. చెంబు ఖాళీ అయిందాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

"తాగాడే తులసీ!" అని అరిచింది లోపలికి తిరిగి. "తాగాడు! రావాల్సిన కార్డు నాలుగు రోజులైనా రాలేదు, నా గుండెలో రాయి పడింది. పాడు కల కూడా వచ్చింది. వీడు చూడు, చెంబెడు నీళ్ళూ తాగాడు. నా కొడుకు బాగానే ఉన్నాడు!"

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతికి పిండి ఉంది. నా మొహం చూసింది. నేను చెంబు చూశాను.

"బావకి కాస్త జ్వరం," అన్నాను. తడిసిన నాలిక మీద అబద్ధం ఎంత సుళువుగా జారిందో! "నిన్ను చూడాలంటున్నాడు. నాతో రమ్మన్నాడు."

"జ్వరమేనా?" భద్రమ్మగారు నవ్వింది. "ఎండలో మూటలు మోస్తే జ్వరం రాదూ? వెళ్ళవే తల్లీ, నాలుగు రోజులుండి మిరియాల చారు పెట్టి రా. ముందు పిల్లాడికి అన్నం పెట్టు. నాకు కూడా పెట్టు. నాకిప్పుడు ఆకలేస్తోంది."

చావు కబురు చల్లగా చెప్పడం అని సామెత ఉంది. నేను చల్లగా కూడా చెప్పలేకపోయాను. తాగినవాడు చెప్పకూడదు. చెబితే ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే, ఆ ముసలావిడా, మా అక్కా. ఎవరి మీదికి పిలవను? ఆ శాస్త్రం పక్కన పెట్టి నోరు తెరుద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఆవిడ నా పక్కనే పీట వేసుకుని కూచుని, జొన్నన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుంటోంది. నాలుగు రోజులుగా ముద్ద దిగని మనిషి పెద్ద పెద్ద ముద్దలు తింటోంది. మజ్జిగ మళ్ళీ పోయించుకుంది. నేను కూడా తిన్నాను. కంచంలోంచి తలెత్తలేదు. అక్క ఇద్దరికీ వడ్డించింది. "నువ్వు తినవే?" అని ఆవిడ అడిగితే, "తర్వాత తింటాలెండి అత్తయ్యా, పొయ్యి దగ్గర కూచున్నాను, సయించడం లేదు," అంది.

బయల్దేరేటప్పుడు ఆవిడ సైకిలు దాకా వచ్చి, వెనక సీటు మీద మడతపెట్టిన గోనెపట్టా తడిమి చూసి సరిచేసింది.

"వాడితో చెప్పు నాయనా. నూలు దొరక్కపోయినా పర్లేదు, జ్వరం తగ్గంగానే వచ్చెయ్యమను. పడుగు ఎలకలు కొట్టకుండా కర్ర పట్టుకుని కాపలా కాస్తున్నాను. ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే నేసుకోవచ్చని చెప్పు."

"చెప్తానండీ," అన్నాను.

ఆడమనిషి సైకిలు వెనక కూచుని వెళ్ళడం ఆ పల్లెల్లో ఎవరూ ఎరగరు. పొలంలో మనుషులు నిలబడి చూశారు. అక్క తల మీద కొంగు కప్పుకుని, ఒక చేత్తో నా చొక్కా పట్టుకుని కూచుంది. కనుమకి ఇవతలి వైపు ఎక్కుడు చిన్నదే అయినా, ఇద్దరి బరువుతో తొక్కలేక దిగాం. నేను సైకిలు తోసుకుంటూ, తను పక్కనే. చెప్పులు లేని కాళ్ళు మండుతుంటే రోడ్డు పక్కన గడ్డి మీద నడిచింది.

కొండ మొదట్లో ఒక చిన్న ఊట ఉంది, పొద్దున దిగుడులో నా కంట పడలేదు. ఎండాకాలం కూడా చేతికందినంత నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. నేను మోదుగాకు దొన్నెలా మడిచి, నీళ్ళు పట్టి తెచ్చాను. తను పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"తాగు అక్కా."

అక్క ఆ నీళ్ళ వంక చూసింది.

"నేను తాగకూడదు గదరా," అంది.

శవం లేచేదాకా కట్టుకున్నది, కన్నది పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆకు నా చేతిలోనే వంగి, నీళ్ళు నా కాళ్ళ మీద పోయాయి.

"ఎప్పుడు?" అని అడిగింది.

"తెల్లవారుజామున. కలరా."

"నొప్పి పడ్డాడా?"

"లేదు," అన్నాను. అది రెండో అబద్ధం. అక్క దాన్ని కూడా అలాగే తీసుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"చెంబు కింద పెట్టి నా మొహం చూడలేదు నువ్వు. మనింట్లో అయితే వస్తూనే 'ఏమే అక్కా, ఏం వండావ్?' అని అరిచేవాడివి. ఎవరికి తెలియదురా ఆ మాత్రం? కళ్ళున్నాయి గదా నాకు."

"మరి ఎందుకు ఊరుకున్నావు? అన్నం ఎందుకు పెట్టావు?"

"ఆవిడ నాలుగు రోజులయ్యి తినలేదు. రేపటి నుంచి ఎటూ తినదు. ఈ ఒక్క పూటా తిననియ్యి అనుకున్నా. నువ్వు కూడా. మళ్ళీ ముప్పై మైళ్ళు నన్ను మొయ్యాలి. నేను అక్కడ ఏడిస్తే నువ్వు తినేవాడివా?"

నేను సైకిలు చెట్టుకి ఆనించి నేల మీద కూచున్నాను. తను కూచోలేదు. నా తల మీద చెయ్యి వేసి, "లే కిష్టా, పొద్దు ఆగదు," అంది. పైకి చేరాక మైలు పొడుగు దిగుడు. బ్రేకు పట్టుకుని, అక్కని వెనక పెట్టుకుని దిగుతుంటే, నా వీపు తడవడం తెలిసింది. మైలవరం దాకా నా చొక్కా ఆరలేదు.

ఇబ్రహీంపట్నం సెంటర్లో పూలమ్మి కనిపిస్తే సైకిలు ఆపమంది. "ఒక మూర మల్లెపూలు కొనిపెట్టరా. ఆయన వెళ్ళి నెలా పదిహేను రోజులయింది, పూలు పెట్టుకోబుద్ధి కాలేదు నాకు." బావి దగ్గర మొహం కడుక్కుని, పూలమ్మి దగ్గరే కుంకం అడిగి బొట్టు దిద్దుకుంది. పూలు తల్లో తురుముకుంది. "పుట్టింటికా అమ్మా?" అని అడిగింది పూలమ్మి. "ఆయన దగ్గరికి," అంది అక్క.

పొద్దు ఇంకా గుంకలేదు, మేము వీధి మలుపు తిరిగాం. పుల్లయ్య మలుపులోనే గొంతుక్కూచుని ఉన్నాడు, మమ్మల్ని చూసి లేచి పక్కకి తప్పుకున్నాడు. మా నాన్న బావ తల దగ్గర విసనకర్రతో ఈగలు తోలుతూ కూచున్నాడు, పొద్దుటి నుంచీ అలాగే ఉన్నాడట. అక్క ఎలా ఏడ్చిందో నేను రాయను. ఇంత పూలూ బొట్టూ ఎందుకు పెట్టుకొచ్చిందో మా అమ్మకి అర్థమై, నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆ తర్వాత మా అక్క పుట్టింట్లో ఉండిపోలేదు. అందరూ బతిమాలినా, అత్తగారి దగ్గరికే వెళ్ళిపోయింది. నూలు దొరికాక మగ్గం గుంటలో తనే కూచుని, ఆయన ఆపిన చోట నుంచి ఆ పడుగు నేసింది. చీర తను కట్టుకోలేదు, అమ్మేసింది. భద్రమ్మగారు ఇంకో పదకొండేళ్ళు బతికింది, చివరి దాకా కండెలు చుట్టింది. అంటే ఇంకో చావూ రాలేదు, ఏమీ రాలేదు. ఆ శాస్త్రం ఒట్టిదే. ఒట్టి మాటకి జడిసి నేను నోరు మూసుకున్నాను. ఇదంతా కథ చివర చెప్పవలసిన మాటే. కానీ చివర చెప్పవలసింది ఇంకొకటి ఉంది.

మర్నాడు పొద్దున్నే అక్క నన్ను లేపింది. బొట్టు, గాజులు ఇంకా ఉన్నాయి, పదో రోజు దాకా ఉంటాయి.

"బస్సు మధ్యాహ్నానికి గాని వెళ్ళదు. ఈలోపు ఆవిడకి ఎవరో దారిన పోయేవాడు చెప్తాడు. నువ్వే చెప్పాలి. వాకిట్లో నిలబడు. నీళ్ళిస్తుంది. తాగమాక."

మళ్ళీ అదే దారి. కనుమ దగ్గర దిగి, సైకిలు తోసుకుంటూ నడిచాను. పైన ఎక్కడా ఆగలేదు.

భద్రమ్మగారు అరుగు మీదే ఉంది. చప్పుడు వినగానే మొహం విప్పారింది. "కిష్టుడేనా? అప్పుడే వచ్చావా? తగ్గిందటనా వాడికి?" అంటూ లేచింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. ఆవిడ నవ్వుతూనే లోపలికి వెళ్ళి, నవ్వుతూనే చెంబుతో బయటికి వచ్చింది. చెయ్యి వణకడం లేదు. నిన్న తాగానన్న ధైర్యం అది. మెట్టు దిగి, వాకిట్లో నా దాకా వచ్చి చెంబు చాచింది.

నేను అందుకోలేదు. ఆవిడ చెంబు ఇంకాస్త ముందుకు చాచింది. చెంబు అంచు నా గుండెకి తగిలింది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

నవ్వు మెల్లగా పోయింది. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి, నిన్నట్లాగే నా గొంతు మీద పెట్టింది. చాలాసేపు ఉంచింది. గొంతు కదలలేదు.

"నిన్న తాగావు గదా నాయనా," అంది.

ఆ చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది.

"నేను కడుపు నిండా అన్నం తిన్నాను గదా."